శోకం పెట్టని ఊరు

మొన్న ప్రొద్దుటూరులో జాకెట్టు గుడ్డ కొనుక్కుని వస్తుంటే ఒక హాలు ముందర బ్యానరు కనబడింది. ఉచిత డాక్యుమెంటరీ ప్రదర్శన, తీసిన దర్శకుడే వస్తున్నాడు, అందరూ రావచ్చు అని రాసుంది. బస్సుకు ఇంకా టైముంది కదా అని లోపలికి పోయి ఫ్యాను కింద కూర్చున్నాను. బొమ్మ మొదలయ్యే ముందు ఒకబ్బాయి మైకు పట్టుకుని, "ప్రశ్నలుంటే దయచేసి చివర్లో అడగండి, మధ్యలో ఎవరూ మాట్లాడకండి" అన్నాడు. హాలంతా బుద్ధిగా తలలూపింది. నాకు ఒళ్ళు మండింది. చివరిదాకా ఆగి అడిగేదేమిటి? అప్పటికి సగం ప్రశ్నలు మర్చిపోతాం, మిగతా సగం టీ కప్పులు వచ్చేసరికి చల్లారిపోతాయి.

మా ఊళ్ళో ఎవరూ చివరిదాకా ఆగలేదు.

ఊరి పేరు చెప్పను. చెబితే, "ఓ, ఆ మునిగిపోయిన ఊరా?" అంటారు. ఆ మాట నాకు గిట్టదు. కొండాపురం దిక్కున ఒక మిట్ట మీద ఉండేదని మాత్రం తెలుసుకోండి, చాలు. నేను చెప్పబోయే ఏడాదికి అది ఊరు కూడా కాదు, దీవి. డ్యాము నీళ్ళు మొదట రోడ్డు మీదికి వచ్చాయి, తర్వాత చేలల్లోకి, తర్వాత కింది వీధిలోకి. కింది వీధి వాళ్ళు తలుపులూ ద్వారబంధాలూ ఊడదీసుకుని, సర్కారు చూపించిన కాలనీకి వెళ్ళిపోయారు. మిట్ట మీది వాళ్ళకు ఇండ్ల తావులు చూపిస్తామన్నారు. చూపించలేదు. చూపించకుండానే కరెంటు పీకేశారు. బడి అయ్యవారు నీళ్ళు దాటి రావడం మానేశాడు. నాలుగు దిక్కులా నీళ్ళు, మధ్యలో నాపరాళ్ళ మిద్దెలు, చర్చి, ఒక శెనక్కాయల గోడౌను, మేము. అప్పుడు నాకు పన్నెండేళ్ళు.

అవతలి గట్టుకు పోవాలంటే పుట్టి ఎక్కాలి. వెదురుతో అల్లిన గుండ్రటి తెప్ప అది. దాన్ని తోసేవాణ్ణి అందరం పుట్టి మామ అనేవాళ్ళం. అంతకుముందు ఆయన గొర్రెలు మేపేవాడు, నీళ్ళంటే ఆయనకు వాన నీళ్ళే. నేర్చుకున్న కొత్తల్లో పుట్టి ముందుకు పోకుండా తిరగలి రాయిలా గిరగిర తిరిగేది. లోపల కూర్చున్న ఆడవాళ్ళు ఒక పక్క దేవుణ్ణి, ఇంకో పక్క ఆయన్ను తలుచుకునేవాళ్ళు. దేవుణ్ణి మర్యాదగానే తలుచుకునేవాళ్ళు.

ఆ కాలం వాసన చెప్పమంటే చీనీకాయల వాసన, మీ మాటలో బత్తాయిల వాసన, అంటాను. చెట్ల నిండా కాపు ఉండగానే తోటలు మునిగాయి. పులివెందుల వైపు నుంచి లారీలు వచ్చి ఎత్తుకుపోవాల్సిన కాయలు నీళ్ళ మీద తేలుతూ, కుళ్ళుతూ, మా మిట్ట చుట్టూ పచ్చటి దండలా చేరేవి. పుల్లటి వాసన, దాని కింద బురద వాసన, తడిసిన గోడల వాసన. మేము పిల్లలం పుట్టి మామను బతిమాలి చెట్ల కొసల దాకా పోయి, నీళ్ళ పైకి మిగిలిన కాయలు కోసుకునేవాళ్ళం. ఆ తోటాయన మమ్మల్ని ఎన్నేళ్ళు రాళ్ళతో తరిమాడో. ఇప్పుడు ఆయన చెట్టు నెత్తిన కూర్చుని తింటుంటే ఆ రుచే వేరు. సిగ్గుపడాల్సిన పనే గాని, నాకు ఈరోజుకూ సిగ్గు లేదు.

నీళ్ళతో పాటు చేపలొచ్చాయి. సంగటి, ఊరిబిండి, అలసంద గుగ్గిళ్ళు తప్ప తెలియని మా ఇండ్లల్లో చేపల పులుసు మొదలైంది. ముల్లు తీయడం ఎవరికీ రాదు. పొద్దున లేస్తే ఎవరో ఒకరి గొంతులో ముల్లు, అది దిగడానికి వాళ్ళ నోట్లో వట్టి సంగటి ముద్ద.

ఈ మధ్యలో మా చిన్నాయన బొమ్మలు తెచ్చాడు. ఆయనకు జమ్మలమడుగులో ఫోటో స్టూడియో ఉండేది, పెండ్లి వీడియోలు తీసేవాడు. ఆ పనిలో కెమెరాల వాళ్ళు, డాక్యుమెంటరీలు తీసే వాళ్ళు స్నేహమయ్యారు. "మా ఊళ్ళో కరెంటు లేదు, టీవీ లేదు, బడి లేదు. మీ బొమ్మలు తెచ్చి మావాళ్ళకు చూపించండి, మీరూ రండి" అని ఒక్కొక్కరినీ పిలిచాడు. పెండ్లిండ్లకు వాడే జనరేటరు, ప్రొజెక్టరు పుట్టిలో పెట్టుకుని తెచ్చేవాడు. టిక్కెట్టు లేదు.

ఆటలన్నీ పట్టపగలే. పొద్దు గూకితే పుట్టి తోయనని పుట్టి మామ ఒట్టు పెట్టుకున్నాడు. నీళ్ళ కింద తుమ్మ చెట్లున్నాయి, చీకట్లో వాటి ముళ్ళు కనబడవు. కాబట్టి గోడౌను కిటికీలకు గొర్రె కంబళ్ళు కట్టి చీకటి చేసేవాళ్ళం. కంబళి కంపు, శెనక్కాయ పొట్టు దుమ్ము, బయట జనరేటరు పెట్రోలు వాసన, ఒళ్ళో బొరుగులు. గోడకు కట్టిన తెల్ల దుప్పటి మీద ఎవరో తెలియని మనుషులు నడుస్తుంటే, మేము వెలుతురుకు అడ్డంగా చేతులు పెట్టి వాళ్ళ నెత్తిన కొమ్ములు మొలిపించేవాళ్ళం.

మొదట వచ్చినాయనకు గడ్డం ఉండేది. సముద్రం మీద చేపలు పట్టేవాళ్ళ గురించి తీశాడు. బొమ్మ మొదలై ఇంకా పది నిమిషాలు కాలేదు, మా అవ్వ చెయ్యెత్తి "ఆగప్పా!" అంది. ఆయన ఎక్కడో నిప్పంటుకుందనుకుని గబగబా ఆపేశాడు.

"ఆ చేపకు ముల్లెట్ల తీస్తారు?" అంది అవ్వ.

"నాకు తెలీదండీ."

"తింటివా లేదా?"

"తిన్నానండీ."

"తిని తెలీకపోతే ఎట్లప్పా? వాళ్ళ ఇండ్లల్లో అన్ని దినాలుంటివే, వంట కాడ కూసోలేదా?"

మా ఊళ్ళో అది ఆనవాయితీ. తోలుబొమ్మలాట వాళ్ళు వచ్చే రోజుల నుంచీ ఉంది. చూసేవాళ్ళలో ఎవరైనా చెయ్యెత్తి "ఆగప్పా" అంటే, ఆట ఆపాలి. అడిగినదానికి జవాబు చెప్పిన తర్వాతనే మళ్ళీ మద్దెల ముట్టాలి. ఆటవాళ్ళు ఎంత దూరం నుంచి వచ్చినా సరే, ఎంత పెద్ద రాజు తెర మీద నిలబడి ఉన్నా సరే. గడ్డమాయనది అరగంట బొమ్మ. ఆరోజు పుట్టి ఎక్కే వేళ దాకా సాగింది. పోతూ పోతూ ఆయన చెమట తుడుచుకుని, "మళ్ళీ వస్తాను, వంట నేర్చుకుని వస్తాను" అన్నాడు. ఆ తర్వాత వచ్చిన వాళ్ళందరికీ చిన్నాయన గట్టు మీదనే చెప్పి తెచ్చేవాడు: మధ్యలో ఆపమంటారు, ఆపాల్సిందే.

అట్లా వచ్చిన వాళ్ళలో కెమెరా అక్క ఒకరు. విజయవాడ వైపు మనిషి, పొట్టి జుట్టు, గట్టి నవ్వు. ఆమె తన బొమ్మ చూపించి వెళ్ళిపోలేదు, మా మిట్ట గురించే కొత్త బొమ్మ తీస్తానని మా ఇంట్లో ఉండిపోయింది. మా అవ్వను మొదటి రోజు "అమ్మమ్మగారూ" అని పిలిస్తే మేము పడి పడి నవ్వాము. "గారెందుకులే పాపా, అవ్వా అను. నోటికి కూడా సుళువు" అంది అవ్వ. అక్క సంగటిని అన్నంలా నమిలి నమిలి తినేది. సంగటి నమిలేది కాదని, పులుసులో ముంచి మింగాలని నేనే నేర్పాను. దానికి బదులు ఆమె నాకు కెమెరాలో కన్ను పెట్టి చూడనిచ్చింది. రోజూ చూసే మా వాకిలే ఆ గాజులోంచి పెద్దింటి వాకిలిలా కనబడింది. ఆరోజు నుంచి నేను ఆమె తోకను.

అక్కకు పాటలంటే ఇష్టం. అవ్వ పెండ్లి పాటలు పాడింది, దంపుడు పాటలు పాడింది. ఒకరోజు అక్క, "చనిపోయినవాళ్ళకు పాడతారట కదవ్వా, అది పాడతారా?" అని అడిగింది.

అవ్వ ముఖం మారింది. "శోకమా? ఎవురూ సావకుండా శోకం పాడరు పాపా" అంది. మళ్ళీ తనే, "మా ఆయప్ప దినం వస్తాంది. ఆ పొద్దు పాడతా. కావల్లంటే రా" అంది.

అవ్వ మొగుడు, మా అబ్బ, నాపరాళ్ళు పేర్చే మేస్త్రీ. మిట్ట మీద సగం ఇండ్ల గోడలు ఆయన చేతివే. చర్చి గోడ కూడా. ఏడాదికి ఒకసారి ఆయన పోయిన రోజున అవ్వ సమాధికి సున్నం కొట్టి, పూలు పెట్టి, పక్కన కూర్చుని శోకం పెట్టేది. పాస్టరయ్యకు అది నచ్చేది కాదు. "పరలోకంలో కలుసుకుంటారు కదమ్మా, ఈ ఏడుపు పాటలెందుకు, ప్రార్థన చేసుకో" అనేవాడు. "కలుసుకుంటే కలుసుకుంటాం లేయ్యా. అంతవరకు ఊరికే ఉండాల్నా?" అని అవ్వ ప్రార్థనా చేసేది, శోకమూ పెట్టేది. అది అయిపోగానే ఇంటికొచ్చి తలస్నానం చేసి కడుపునిండా అన్నం తినేది. మళ్ళీ ఏడాది దాకా అబ్బ కోసం ఒక్క కన్నీటి చుక్క ఉండదు. శోకానికి మాలో ఉన్న పద్ధతే అది. పెట్టి, స్నానం చేసి, అన్నం తింటే ఆ చావు ముగిసినట్టు.

ఆ రోజు అక్క కెమెరా పెట్టుకుంది. అవ్వ ముందే ఒక మాట అంది: "ఇది మా ఆయప్పది. ఆయప్ప చేసిన పనులన్నీ దీంట్లో ఉండాయి. తీసుకుంటే అన్నీ తీసుకో, పాపా." అక్క సరేనంది. అవ్వ పాడింది.

నాపరాయెత్తిన భుజమా, నన్ను దించి పోతివా
వాకిలుంది, వసారుంది, నువ్వు లేకపోతివే
ఏ వాకిట నిలబడుదు, ఎవరి పేరు పిలుతును

ఇంకా చాలా ఉంది. అబ్బ ఏ గోడ కట్టాడో, ఏ గోడ కాడ వేలు నలిగిందో, పెండ్లయిన కొత్తల్లో ఎన్ని మైళ్ళు నడిచి ఆమెకు గాజులు తెచ్చాడో, అన్నీ.

నాలుగు రోజుల తర్వాత అక్క ల్యాప్‌టాప్ ముందు కూర్చుని నన్ను పిలిచింది. మా యాస ఆమెకు సగమే తెలిసేది. "దీంట్లో తాతగారి సంగతి రాని మాటలు ఏవో చెప్పవా?" అంది. నేను పొంగిపోయాను. చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని, పెద్ద పండితురాలిలా విని, ఇది పనికొస్తుంది, ఇది పనికిరాదు అని ఏరి ఇచ్చాను. భుజం మాట తీసేయించాను, వాకిలి మాట ఉంచాను. ఒక చాక్లెట్టు ఇచ్చింది, తిన్నాను. ఎందుకు అని మాత్రం అడగలేదు. ప్రతిదానికీ చెయ్యెత్తే ఊళ్ళో నేనొక్కదాన్నే అడగలేదు.

బొమ్మ తయారైంది. మర్నాడు జమ్మలమడుగులో ప్రదర్శన. చిన్నాయన ఒక ఫంక్షన్ హాలు మాట్లాడాడు, ఆఫీసర్లను కూడా పిలిచారు. దానికి ముందు మా వాళ్ళకు చూపించాలని అక్క గోడౌనులో పెట్టింది. మిట్ట మీద ఉన్నవాళ్ళందరూ వచ్చారు. మా ముఖాలే మాకు తెర మీద కనబడుతుంటే నవ్వులు, కేకలు. పుట్టి గిరగిర తిరగడం చూసి పుట్టి మామ సిగ్గుతో బయటికి పోయాడు. తర్వాత నీళ్ళలో మునిగిన కింది వీధి వచ్చింది. తలుపుల్లేని ఇండ్లు, వాటి మీద అవ్వ గొంతు. వాకిలుంది, వసారుంది, నువ్వు లేకపోతివే. తర్వాత మా మిట్ట వచ్చింది, మా ఇల్లు వచ్చింది. గొంతు ఆగలేదు. ఏ వాకిట నిలబడుదు, ఎవరి పేరు పిలుతును.

అవి నేను ఏరి ఇచ్చిన మాటలే.

"ఆగప్పా!" అంది అవ్వ.

అక్క ఆపేసింది. కంబళ్ళ సందుల్లోంచి వెలుతురు గీతలు పడుతున్నాయి. అవ్వ లేచి నిలబడింది.

"నా మొగుని శోకం తెచ్చి ఊరి మీద పెట్టినావేంది, పాపా?"

అక్క తడబడింది. "అవ్వా, ఇది చూస్తే రేపు హాల్లో అందరూ ఏడుస్తారు. మీ బాధ వాళ్ళకు తెలుస్తుంది."

"ఏడ్సి?"

"అంటే..."

"ఏడ్సి ఇంటికి పోతారు. కాళ్ళు కడుక్కోని అన్నం తింటారు. శోకం పెట్టినాక చేసేది అదే గదా! వాళ్ళ లెక్కన మేం అయిపోయినట్ల. మేం ఈడ బతికి ఉండాం. ఇంత మందిమి నీ ముందర కూసోని ఉండాం. బతికినోళ్ళకు శోకం పెడతారా యాడన్నా? మాకు ఏడ్సేవాళ్ళు వద్దు పాపా. మా తరపున అడిగేవాళ్ళు కావల్ల."

అక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఆ మాటల్లో తాతగారి పేరు లేదు కదవ్వా, అందుకని వాడుకున్నాను" అంది మెల్లగా.

"ఏ మాటలో ఆయప్ప లేడో నీకెట్ల తెలుసు?"

నేను లేచాను. "నేనే ఏరి ఇచ్చినా అవ్వా" అన్నాను.

దెబ్బ పడుతుందనుకున్నాను. అవ్వ నా వైపు తిరిగి, "ఎందుకని అడిగితివా?" అంది.

"లేదు."

"అదే తప్పు. మాటలు ఏరిచ్చింది గాదు. దా, నా పక్కన నిలబడు."

అక్క ల్యాప్‌టాప్ మూత మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. "తీసేస్తాను. మీ శోకం ఒక్క మాట కూడా ఉండదు. కానీ రేపే ఆట. ఆ చోట ఏం పెట్టాలి?"

"ఆపు" అంది అవ్వ.

"ఆపేశాను కదవ్వా."

"ఈడ గాదు. ఆడ, హాల్లో. ఆ తావుకు వచ్చేసరికి నీ బొమ్మ ఆగిపోవల్ల. నేను అడుగుతా. వాళ్ళు జవాబు చెప్పల్ల. ఇంగ మన ఆనవాయితీ వాళ్ళకూ తెలియనీ."

బయటి నుంచి పుట్టి మామ అరిచాడు, "పొద్దు వాలతాంది! వచ్చేవాళ్ళు వస్తే రండి, తర్వాత నన్ననొద్దు!" అక్క గబగబా కెమెరా బిగించింది. ఒక కిటికీ కంబళి తీసి అవ్వను వెలుతురులో కూర్చోబెట్టింది. అవ్వ కొంగు సర్దుకుని, కెమెరాలోకి సూటిగా చూసి చెప్పింది.

"ఆగప్పా. ఇంతసేపు మమ్మల్ని సూస్తిరి. మేం ఈడ ఉండామని మీకు తెలిసె. ఇప్పుడేం చేస్తారు?"

అంతే. అక్క ఆపబోతే అవ్వ ఒప్పుకోలేదు. "అడిగినాక జవాబు చెప్పేదానికి టైము ఇయ్యల్ల గదా. వక్కాకు నమిలేంత సేపు నల్లగా పెట్టు" అంది. ల్యాప్‌టాప్‌లో నలుపు పెట్టడం అక్కకు తెలియదా? తెలుసు. అయినా నన్ను పిలిచి, "నువ్వే మూయి" అంది. కెమెరా కంటి మీద నా అరచెయ్యి ఆనించి పట్టుకున్నాను. అవ్వ ఆకు తీసి, సున్నం రాసి, వక్క పెట్టి, తాపీగా నమిలింది. గోడౌనులో ఒక్కరూ కదల్లేదు. నా చెయ్యి తిమ్మిరెక్కింది, తీయలేదు. ఆ బొమ్మలో కనబడే చీకటి నా చెయ్యే.

మర్నాడు ఫంక్షన్ హాల్లో ముందురోజు పెండ్లి పూలదండలు ఇంకా వేలాడుతున్నాయి. పెండ్లికొడుకు, పెండ్లికూతురు కూర్చునే ఎర్ర సోఫాల్లో ఆఫీసర్లను కూర్చోబెట్టారు. అవ్వ, నేను వెనక వరసలో ప్లాస్టిక్ కుర్చీల్లో. ఆ తావు వచ్చింది. అవ్వ తెర మీద అడిగింది. తెర నల్లబడింది. మొదట ఎవరికీ అర్థం కాలేదు. ఒకరు "కరెంటు పోయిందా?" అన్నారు. ఇంకొకరు లేచి ప్రొజెక్టరు వైర్లు కదిలించబోతే చిన్నాయన చెయ్యి పట్టుకున్నాడు. దగ్గులు వినబడ్డాయి, కుర్చీలు కిర్రుమన్నాయి. ఒక ఆఫీసరు ఫోను చెవిన పెట్టుకుని బయటికి పోయాడు. నాకు ఆ చీకటి ఎప్పటికీ తెల్లారదేమో అనిపించింది.

అప్పుడు మధ్య వరసలో ఒక ఆమె లేచింది. బట్టల కొట్టులో పనిచేసే మనిషి అని తర్వాత తెలిసింది. "ఏం చెయ్యల్లో మాకు తెలీదవ్వా. నువ్వే చెప్పు" అంది తెర వైపు చూస్తూ.

"ఈడ ఉండా" అని అవ్వ వెనక నుంచి లేచింది. హాలంతా వెనక్కి తిరిగింది. "ఇండ్ల తావులు చూపిచ్చేదాకా పిల్లోళ్ళకు పడవ కావల్ల, బడికి పోవల్ల. తావులు ఎప్పుడు చూపిస్తారో ఆ సోఫాలో కూసున్నోళ్ళను నువ్వూ అడుగు. నేనొక్కదాన్నే అడిగితే ముసిల్దానికి మతి లేదంటారు."

ఆమె అడిగింది. పక్కవాళ్ళు అడిగారు. ఎవరూ ఏడవలేదు, హాలు మాత్రం సంత అయిపోయింది. నెల తిరక్కముందే మోటారు పడవ వచ్చింది.

గెలిచామని చెప్పను. పడవ వచ్చింది, ఊరు నిలవలేదు. తర్వాతి వానలకు నీళ్ళు మిట్టెక్కాయి. తావులు చూపించారు, కాలనీకి వచ్చేశాం. చివరి రోజు పడవలో అందరి ముఖాలూ చిన్నబోయి ఉంటే, అవ్వ మాత్రం పడవ నడిపే అబ్బాయిని, "ఈ లైఫు జాకెట్లు పిల్లోళ్ళకు లూజుగా ఉండాయి, ఎవురి కొలతకు తెచ్చినావు?" అని గట్టు చేరేదాకా నిలదీసింది. అబ్బ సమాధి నీళ్ళ కింద ఉంది. నష్టపరిహారానికి ఇండ్ల లెక్క రాసుకున్నవాళ్ళు సమాధుల లెక్క రాసుకోలేదు. దాని గురించీ అవ్వ అర్జీలు పెట్టించింది, పోయేదాకా పెట్టిస్తూనే ఉంది. అక్షరాలు రాని మనిషి, చెబుతుంటే నేను రాసేదాన్ని.

అవ్వ పోయినప్పుడు అమ్మా నేనూ శోకం పెట్టాం. అర్జీల సంగతి కూడా కలిపి పాడాను. పాస్టరయ్య ఈసారి ఏమీ అనలేదు. స్నానం చేశాం, అన్నం తిన్నాం. అవ్వ చావు అట్లా ముగిసింది.

ఎండాకాలం నీళ్ళు తగ్గితే మా మిట్ట బయటపడుతుంది. అబ్బ కట్టిన గోడలు కొన్ని ఇంకా నిలబడే ఉన్నాయి. అప్పుడు కాలనీకి మైకులు పట్టుకుని మనుషులొస్తారు, ఆ గోడల కాడికి రమ్మంటారు. పోయిన ఎండాకాలం వచ్చిన అబ్బాయి మంచివాడే, వయసులో నా తమ్ముడంత ఉంటాడు. నన్ను గోడ పక్కన నిలబెట్టి, "అమ్మా, ఊరిని తలుచుకుని కొంచెం ఏడిస్తే బాగుంటుంది" అన్నాడు. నాకు ఏడుపు రాక కాదు. ఆ గోడను ముట్టుకుంటే లోపల ఏమవుతుందో నాకు తెలుసు. కానీ అవ్వ అడిగినదానికి ఇంతవరకు పూర్తి జవాబు ఎవరూ చెప్పలేదు, ఆ సమాధుల లెక్క ఎవరూ రాసుకోలేదు. మా ఊరికి మేము శోకం పెట్టలేదు.

"ముందు మేం అడిగినదానికి జవాబు తెప్పిచ్చు నాయనా," అన్నాను, "ఏడ్సేది తర్వాత."